సంతకం ఒకరిది, బొమ్మ ఎవరిది?

మా హాల్లో గోడ మీద పదకొండు ప్రింట్లున్నాయి. అన్నీ మన జానపదాల మీద వేసిన పాప్ ఆర్టే. గులాబీ రంగు మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న బంగారక్క, హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న జుట్టుపోలిగాడు (ఇద్దరూ తోలుబొమ్మలాటలో నవ్వించేవాళ్లే), ఆటో పక్కన కొరడా పట్టుకుని నిలబడ్డ పోతరాజు. ప్రతిదాని కిందా పెన్సిల్‌తో ఆర్టిస్ట్ సంతకం, 12/50 లాంటి ఒక నంబర్. 12/50 అంటే మొత్తం యాభై తీశారు, నాది పన్నెండోది అని లెక్క. ఆరేళ్లుగా జీతంలోంచి కొంత పక్కన పెట్టి కొంటున్నాను. ఇవంటే నాకు ప్రాణం కాబట్టే ఈ బాధ చెప్పుకుంటున్నా.

పోయిన డిసెంబర్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో ఎర్రటి ప్రింట్ చూశాను. మోకు కట్టుకుని తాడిచెట్టు ఎక్కుతున్న గౌడన్న. ఆ ఎరుపూ ఆ పెద్ద కళ్లూ చూడగానే తెలంగాణలోని చేర్యాలలో నకాశీ కళాకారులు కథలు చెప్పడానికి వేసే గుడ్డ పటాల బొమ్మ అని తెలిసిపోతుంది. ధర ఎనిమిది వేలు. "ఏ పటంలోదండీ ఇది?" అని అడిగాను. "ఫోక్ ఇన్‌స్పైర్డ్ మేడమ్" అన్నాడు స్టాల్లో అబ్బాయి. ఏ కథ అంటే తెలీదు. ఎవరి పటం చూసి వేశారంటే అదీ తెలీదు. సంతకం మాత్రం ఒరిజినల్ అని మూడుసార్లు చెప్పాడు.

ఫోక్ అనేది ఊరూ పేరూ లేనిది కాదు కదా! ఖాదీ గుడ్డకి సుద్ద, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, మూడడుగుల వెడల్పున ముప్పై నలభై అడుగుల పటం వేసేవాళ్లు నకాశీలు. ఆ పటం ఎవరికి పడితే వాళ్లకి కాదు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లకి ఒకటి, మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లకి ఒకటి, గౌడుల కథ చెప్పే గౌడజెట్టివాళ్లకి ఇంకొకటి. పటం విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ రాత్రుళ్లు కథ నడిపేవాళ్లు. ఆ గౌడన్న బొమ్మ వెనక వేసిన చెయ్యి ఉంది, పాడిన గొంతు ఉంది. ప్రింట్ మీద రెండూ లేవు.

తోలుబొమ్మలదీ ఇదే కథ. నిమ్మలకుంట ఊళ్లో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా మేకతోలుని వెలుగు కనపడేంత పల్చగా గీకి, సన్నగా చిల్లులు కొట్టే ఆ ఊరి పేరు నా బంగారక్క ప్రింట్ మీద ఎక్కడా లేదు.

పాప్ ఆర్ట్ అంటేనే ఉన్నది తీసుకోవడం, అమెరికన్ పాప్ ఆర్టిస్ట్ వార్‌హోల్ సూప్ డబ్బాల బొమ్మలు వేయలేదా అని ఒక ఫ్రెండ్ వాదించాడు. నిజమే, 1962లో వేశాడు. ఆ 32 బొమ్మల్లో ఏది చూసినా క్యాంప్‌బెల్స్ అన్న సూప్ కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో కనపడుతుంది. మనవాళ్లు బొమ్మ తీసుకుని పేరు వదిలేస్తున్నారు. తేడా అక్కడుంది.

బంగారక్కకి కళ్లద్దాలు పెట్టొద్దని నేననను. రామాయణం మధ్యలో దూరి ఆ రోజు ఊళ్లో సంగతులన్నీ మాట్లాడే మనిషి తను, కళ్లద్దాలు ఆమెకి కొత్త కాదు. ఏం మార్చినా మార్చండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒక్క లైను రాయండి. ప్రింట్ అమ్మినప్పుడల్లా వాళ్లకి కొంత వాటా ఇవ్వండి.

చేసేవాళ్లు లేకపోలేదు. మార్చిలో ఒక అమ్మాయి దగ్గర 7/30 నంబర్ ప్రింట్ కొన్నాను. కింద కుడివైపు తన సంతకం. ఎడమవైపు, తను ఎవరి పటం చూసి వేసిందో ఆ నకాశీ పెద్దాయన తెలుగులో పెట్టిన సంతకం. వెనక కథ పేరు కూడా ఉంది. ఆ రోజు దాన్ని ఒళ్లో పెట్టుకునే బస్సులో ఇంటికొచ్చాను.

మిగతా పదింటికి ఇప్పుడు నేనే ఫ్రేమ్ వెనక చీటీలు అతికిస్తున్నా, ఏ కథ, ఏ ఊరు, ఎవరి చెయ్యి అని. ఆరింటివి తేలాయి. పోతరాజుదీ ఇంకో మూడింటివీ ఎవరి బొమ్మ చూసి వేశారో ఇంకా తెలియలేదు. ఫోటోలు పెడుతున్నాను, గుర్తుపడితే చెప్పండి.