క్రోమ్‌డ్రైవర్ ప్రవర

బెంగళూరులో ఆటోమేషన్ టెస్టింగ్ (వెబ్‌సైట్లను ప్రోగ్రాముతో పరీక్షించే పని) ఉద్యోగానికి వెళ్లే తెలుగువారికి ముందుగా రావలసింది టెస్టింగ్ కాదు, ప్రవర. ప్యానెల్‌లో కూర్చున్న పెద్దమనిషి 'వెబ్‌డ్రైవర్ డ్రైవర్ ఈజ్ ఈక్వల్ టు న్యూ క్రోమ్‌డ్రైవర్' అని, బ్రౌజరును మన బదులు నడిపే సెలీనియం అనే పనిముట్టుతో క్రోమ్‌ను తెరిచే ఒక్క వాక్యం జావా భాషలో రాసి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పమంటారు. క్రోమ్‌డ్రైవర్ క్లాసు (క్లాసు అంటే కోడులో ఒక విభాగం, మెథడులు అది చేసే పనులు), దానికి పైన రిమోట్‌వెబ్‌డ్రైవర్, ఆ పైన వెబ్‌డ్రైవర్ అనే ఇంటర్‌ఫేస్ (చేయవలసిన పనుల జాబితా), అందరికీ మూలపురుషుడు సెర్చ్‌కాంటెక్స్ట్. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు కూడా తన గోత్రం, ఋషులు ఇంత తడుముకోకుండా చెప్పలేడు. 2021లో సెలీనియం 4 వచ్చినప్పుడు ఈ వంశంలో క్రోమ్‌డ్రైవర్‌కూ రిమోట్‌వెబ్‌డ్రైవర్‌కూ నడుమ క్రోమియండ్రైవర్ అనే కొత్త తరం చేరింది. ఆ సంగతి చాలామంది నోట్సులకు ఇంకా చేరలేదు. అడిగేవారి నోట్సు, చెప్పేవారి నోట్సు ఒకటే కావడం వల్ల ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

రెండో ప్రశ్న కూడా స్థిరమే. "మీ ఫ్రేమ్‌వర్క్‌లో ఊప్స్ ఎక్కడెక్కడ వాడారు?" ఫ్రేమ్‌వర్క్ అంటే టెస్టులన్నిటికీ ఆధారమైన కోడు. ఊప్స్ అంటే ఆబ్జెక్టుల చుట్టూ ప్రోగ్రాము కట్టే పద్ధతి; ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అని దాని సూత్రాలు నాలుగు. ప్రశ్నకు జవాబు మారతహళ్లి నుంచి బీటీఎం లేఅవుట్ దాకా ఏ పీజీ హాస్టల్లో అడిగినా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. పేజీ క్లాసుల్లో (వెబ్ పేజీకొక క్లాసు) ఎలిమెంట్లన్నీ, అంటే గడులు, బటన్లు, బయటికి కనబడకుండా ప్రైవేటుగా పెట్టాం, అది ఎన్‌క్యాప్సులేషన్. బేస్ క్లాసును ఎక్స్‌టెండ్ చేసి దానిలోవన్నీ వారసత్వంగా తెచ్చుకున్నాం, అది ఇన్‌హెరిటెన్స్. పేజీలోపలి పేజీ అయిన ఫ్రేములోకి మారే మెథడుకు నంబరు ఇచ్చినా, పేరు ఇచ్చినా, ఎలిమెంటు ఇచ్చినా తీసుకుంటుంది, ఒకే పేరుకు పలు రూపాలు, అది పాలిమార్ఫిజం. ఆ మెథడును మూడు విధాలుగా రాసింది సెలీనియం తయారుచేసినవారు, మన అభ్యర్థి చేసిందల్లా దాన్ని పిలవడం. ప్రశ్న 'మీ ఫ్రేమ్‌వర్క్‌లో' అని మొదలైన సంగతి ఈ పాటికి ఇద్దరూ మరిచిపోయి ఉంటారు. ప్యానెల్ తల ఊపుతుంది.

ఆబ్జెక్టుల పద్ధతి నార్వేలో పుట్టింది. ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులా భాషను రూపొందించింది నిజ ప్రపంచపు వ్యవస్థలను కంప్యూటర్లో అనుకరించి చూడటానికి. సెలీనియం 2004లో షికాగోలో జేసన్ హగిన్స్ చేతిలో మొదలైంది. బ్రౌజరులో చేతితో చేసిందే చేసి విసిగిపోకుండా ఉండటం దాని లక్ష్యం. వీటికి ఇంటర్వ్యూ గట్టెక్కించే శక్తి ఉందని ఆ రెండు ఊళ్లవారూ ఊహించలేదు. కనిపెట్టింది మనమే. ఆ ఘనత మనకు దక్కాలి.

నాలుగు సూత్రాల్లోనూ మనవాళ్లకు ప్రాణం ఇన్‌హెరిటెన్స్ మీద. జావాలో ఒక క్లాసుకు ఒకే తల్లి క్లాసు ఉండాలన్న నిబంధన ఉంది. ఇంకొకరైతే దాన్ని చూసి వెనక్కి తగ్గేవారు. మనం తగ్గలేదు, నిలువుగా పేర్చుకుంటూ పోయాం. లాగిన్‌పేజ్ హెడర్‌పేజ్‌ను ఎక్స్‌టెండ్ చేస్తుంది, హెడర్‌పేజ్ కామన్‌పేజ్‌ను, అది బేస్‌పేజ్‌ను, బేస్‌పేజ్ ఎక్సెల్‌యుటిల్స్‌ను. ఇన్‌హెరిటెన్స్ నియమం ప్రకారం కింది క్లాసు పై క్లాసులో ఒక రకం అయి ఉండాలి. ఆ లెక్కన లాగిన్ పేజీ అనేది ఒక రకమైన ఎక్సెల్ షీటు చదివే యంత్రం. దీన్ని శాస్త్రీయంగా నిరూపించడం కూడా తేలికే. ఎడిటరులో 'లాగిన్‌పేజ్' అని రాసి చుక్క పెట్టండి. జాబితా కిందికి జారుతుంది: గడి చదువు, స్క్రీన్‌షాట్ తీయి, డేటాబేసుకు కలుపు, మేనేజరుకు మెయిల్ పంపు, తేదీని అమెరికా పద్ధతిలోకి మార్చు. పాస్‌వర్డ్ రాయి అనేది కూడా ఉంటుంది. కొంత ఓపికగా కిందికి దిగాలి.

హెడర్‌ను విడి క్లాసుగా రాసి, అవసరమైన పేజీలో ఒక ఫీల్డుగా పెట్టుకుంటే సరిపోతుందని, ఎక్సెల్ గొడవ టెస్టు డేటా దగ్గరే ఆపేయవచ్చని కొందరు కుర్రవాళ్లు వాదిస్తారు. దానికి కంపోజిషన్ అనే పేరు కూడా ఉంది. కావచ్చు. కానీ ఇంటర్వ్యూలో అడిగే స్తంభాలు నాలుగే, అయిదోదాన్ని మోయడానికి ఎవరికి తీరిక ఉంది?

ఎన్‌క్యాప్సులేషన్ విషయంలో మన నిష్ఠ మరీ గొప్పది. యూజర్‌నేమ్ గడి, పాస్‌వర్డ్ గడి, బటను, మూడింటినీ ప్రైవేటు చేస్తాం. వెంటనే మూడింటికీ మూడు పబ్లిక్ గెట్టర్లు రాస్తాం. టెస్టు ఆ గెట్టరుతో గడిని బయటకు తెచ్చుకుని తానే అందులో టైపు చేస్తుంది, తానే బటను నొక్కుతుంది. ఈ పేరుతో, ఈ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లు అనే ఒక్క మెథడు పేజీ క్లాసులో ఉండి, అది హోమ్ పేజీ ఆబ్జెక్టును తిరిగి ఇస్తే, రేపు లాగిన్‌లో ఒక ఓటీపీ గడి వచ్చి చేరినా మార్పు ఒక్కచోటే చేయవలసి వచ్చేది. పేజ్ ఆబ్జెక్ట్ అనే ఆలోచన పుట్టిందే అందుకు. ఇప్పుడైతే లాగిన్ అయ్యే టెస్టులన్నిటినీ తెరవాలి. దీనివల్ల ఒక స్ప్రింటుకు (ఒక విడత పనికాలానికి) సరిపడా పని పుడుతుంది. పని కల్పించే సూత్రాన్ని తక్కువ చేసి చూడకూడదు.

ఇంతా చేసి డ్రైవరును మాత్రం, టెస్టులన్నిటికీ ఒక్కటే అయ్యేలా, పబ్లిక్ స్టాటిక్ అని బేస్ క్లాసు నెత్తిన పెడతాం. ఒక్కొక్క టెస్టే నడిచినన్నాళ్లు అది చల్లగానే ఉంటుంది. ఒక రోజు సమయం ఆదా చేద్దామని టెస్టులను సమాంతరంగా నడుపుతారు. అప్పుడు బస్సు టికెట్ల సైటులో ఒక టెస్టు 'విజయవాడ' అని టైపు చేస్తూ 'విజయ' దాకా వచ్చేసరికి, రెండో టెస్టు అదే బ్రౌజరును టికెట్ రద్దు పేజీకి లాక్కుపోతుంది. మిగిలిన 'వాడ' ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. రిపోర్టులో ఎలిమెంటు దొరకలేదని వస్తుంది. థ్రెడ్‌కు (సమాంతరంగా నడిచే ఒక్కో వరుసకు) ఒక డ్రైవరు చొప్పున థ్రెడ్‌లోకల్‌లో పెట్టుకుంటే తీరే చిక్కు ఇది. మనం సమాంతరాన్ని మానేస్తాం.

పాలిమార్ఫిజం గురించి చెప్పేదేముంది. ఒకే టెస్టు సొంత ల్యాప్‌టాప్‌లో పాస్, టెస్టులను సర్వరులో నడిపే జెన్‌కిన్స్‌లో ఫెయిల్, టెస్ట్ఎన్‌జీ రీట్రై ఎనలైజర్ మళ్లీ నడిపిస్తే పాస్. చివరి రూపమే నిజరూపం.

అబ్‌స్ట్రాక్షన్ దగ్గర కాస్త నిలబడాలి. అనవసరమైన వివరాలు దాచాలన్నది సూత్రం. టెస్టులో ఒక్కటే వరుస ఉంటుంది: ఫ్లో డాట్ రన్. లోపలికి వెళితే ఇంకో రన్, దాని లోపల ఇంకొకటి. అడుగున ఒక ట్రై, ఒక క్యాచ్. తప్పు వస్తే పట్టుకోవలసిన ఆ క్యాచ్ లోపల ఏమీ ఉండదు. ఆ పక్కనే అయిదు వేల మిల్లీసెకన్లు ఊరికే ఆగే థ్రెడ్ డాట్ స్లీప్, దాని మీద 'దీన్ని తీయవద్దు' అన్న వ్యాఖ్య, ఎప్పుడో ఉద్యోగం మారిపోయిన మనిషి రాసినది. దానికి తోడుగా ఇంప్లిసిట్ వెయిట్ (ఏ ఎలిమెంటు కోసమైనా ఆగేది) ఒకటి, ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (చెప్పిన షరతు కోసం ఆగేది) ఒకటి. ఈ రెండూ కలపవద్దని, పది సెకన్లదీ పదిహేను సెకన్లదీ కలిపితే ఇరవై సెకన్ల తరువాత టైమవుట్ కావచ్చని సెలీనియం డాక్యుమెంటేషనే చెబుతుంది. పది, పదిహేను కలిస్తే ఇరవై అయ్యే చోట మనం మాత్రం తర్కానికి ఎందుకు కట్టుబడాలి?

అసలు పరీక్ష సంగతి. పేజ్ ఆబ్జెక్టుల్లో అసర్షన్లు, అంటే ఫలితాన్ని సరిచూసే వరుసలు, పెట్టకుండా ఉండటమే తనకు ఇష్టమని సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2013లో రాశాడు. సరిచూసే పని టెస్టుది, పేజీది కాదు అని ఆయన భావం. ఆ మాటను మనవాళ్లు ఎంత భక్తితో పాటించారంటే, పేజీల్లోంచే కాదు, టెస్టుల్లోంచి కూడా అసర్షన్లు తీసేశారు. అక్కడక్కడా ట్రూ అనేది ట్రూయేనా అని సరిచూసే వరుస మిగిలింది. ట్రూ ఇంతవరకు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు.

ఈ పద్ధతికి అప్పుడప్పుడు బయటి నుంచి ముప్పు వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీది ఒక కంపెనీకి ఇటీవల కర్నూలు వైపు అమ్మాయి ఒకరు ఇంటర్వ్యూకు వచ్చారు. కోడు చూపించమంటే చూపించారు. చిన్న చిన్న క్లాసులు, ప్రతి టెస్టు చివర ఏదో ఒకటి నిజంగా సరిచూసే వరుస, స్లీప్ అన్న మాటే లేదు. ప్యానెల్‌లోని తెలుగు పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు.

"అమ్మా, మీ లాగిన్ పేజీ దేన్నీ ఎక్స్‌టెండ్ చేయలేదేమిటి?"

"అవసరం రాలేదు సార్."

ఫీడ్‌బ్యాక్ గడిలో 'ఊప్స్ బలహీనం' అని రాసి పంపేశారు. ఆ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది, రెఫరల్ బోనస్ కూడా పెంచారట.