గులకరాళ్ల శబ్దం గుర్రాల బలం కాదు

వారం రోజుల్లో ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరికి కారే లేదు. ఇంకొకాయనది డీజిల్ కారు. దానికి కంపెనీయే పెట్టిన ఇంటర్‌కూలర్, అంటే ఇంజన్‌లోకి వెళ్లే నొక్కిన గాలిని చల్లార్చే పరికరం, ఉందన్న సంగతి ఆయనకు తెలియదు. విశాఖలో సూపర్‌చార్జర్, అంటే గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే యంత్రం, ఉన్న కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సందేశం మాత్రం గాజువాక నుంచి భీమిలి దాకా ఫోను ఫోనుకూ తిరుగుతోంది. 'సూపర్‌చార్జర్ కారుకు ఇంటర్‌కూలర్: షెడ్లవాళ్ల దోపిడీ' అని పైన పెద్ద అక్షరాలు. అడుగున 'పది మందికి పంపండి' అన్న మామూలు ఆజ్ఞ. ఆరోసారి పంపినవాడు మా బావమరిది. మా చుట్టాల్లో సూపర్‌చార్జర్ బిగించిన కారు ఉన్నది అతనొక్కడికే. 'బావా, ఇన్నాళ్లూ నువ్వు చెప్పినదంతా తప్పేనట' అని ఒక వాక్యం కూడా చేర్చాడు. అందుకే రాస్తున్నాను.

సందేశం మొదలయ్యేదే ఇలా: టర్బోను (అదీ గాలిని నొక్కేదే) ఇంజన్ పొగ తిప్పుతుంది కాబట్టి అందులో గాలి వేడెక్కుతుంది. సూపర్‌చార్జర్‌ను బెల్టు తిప్పుతుంది కాబట్టి గాలి చల్లగానే ఉంటుంది.

మద్దిలపాలెంలో ఏ పంక్చర్ షాపుకైనా వెళ్లండి. మూలన కంప్రెసర్ ఉంటుంది. కరెంటు మోటారు, ఒక బెల్టు, పైన ఇనుప హెడ్. పొగగొట్టం ఎక్కడా కనిపించదు. పావుగంట నడిచాక ఆ హెడ్ మీద చేయి పెట్టి చూడండి. వద్దు, పెట్టకండి, షాపు కుర్రవాణ్ణి అడగండి, ముంజేతి మీద మచ్చ చూపిస్తాడు. దాని చుట్టూ రెక్కలు ఎందుకు పోశారు, అందానికా? నొక్కితే గాలి వేడెక్కుతుంది. తనను నొక్కింది పొగా, బెల్టా, ఎద్దుల గానుగా అని గాలి అడగదు.

లెక్క కావాలంటే లెక్కే చెబుతాను. బయట 34 డిగ్రీలు ఉన్నప్పుడు 8 పౌండ్ల బూస్ట్ (బయటి గాలి ఒత్తిడి మీద చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు అదనం) ఇచ్చే మామూలు రూట్స్ రకం సూపర్‌చార్జర్ సామర్థ్యం 60 శాతం అనుకుందాం. దానిలోంచి వచ్చే గాలి 100 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు మరిగే వేడి అది. ఆ గాలినే ఇంజన్ పీల్చాలి.

'మనకు సముద్రపు గాలి ఉంది, ఇంటర్‌కూలర్ అక్కర్లేదు' అన్నది రెండో అంశం. మే నెల మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్ ఇసుకలో చెప్పులు లేకుండా నిలబడి ఈ మాట అనగలిగినవారికి ఇంటర్‌కూలర్ నేనే కొనిపెడతాను.

మూడోది కాస్త తెలివైన పొరపాటు. ఇంటర్‌కూలర్ పెట్టగానే బూస్ట్ మీటరులో ముల్లు ఒక పౌండు తగ్గుతుందట, కాబట్టి బలమూ తగ్గుతుందట. ముల్లు తగ్గడం నిజమే. సన్నటి గొట్టాల్లోంచి దూరి వెళ్లేటప్పుడు గాలి కొంత ఒత్తిడి కోల్పోతుంది. కానీ ఇంజన్‌కు కావలసింది ఒత్తిడి కాదు, గాలి బరువు. మీటరు చూసి బలం చెప్పడమంటే బియ్యాన్ని మూరతో కొలవడమే. పై లెక్కలో 102 డిగ్రీల గాలిని 52కు దించితే సాంద్రత 15 శాతం పెరుగుతుంది. పోయిన పౌండు వల్ల 4 శాతం తగ్గుతుంది. అదీ ఇదీ పోగా పది శాతం గాలి ఎక్కువగా లోపలికి వెళుతుంది. ముల్లు పడింది, బలం పెరిగింది.

రిఫైనరీ మన ఊళ్లోనే ఉంది కాబట్టి పెట్రోలు తాజాగా ఉంటుందని, తాజా పెట్రోలుకు నాకింగ్ (ఇంజన్‌ను దెబ్బతీసే టకటక) రాదని ఇంకొక ముక్క. రిఫైనరీ 1957 నుంచీ ఇక్కడే ఉంది. పెట్రోలు మాత్రం వంకాయ కాదు.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయవచ్చు. అయిదో అంశాన్ని వదలలేను. 'ఇంటర్‌కూలర్ డబ్బుతో చిన్న పుల్లీ (సూపర్‌చార్జర్‌ను తిప్పే బెల్టు చక్రం) వేయించుకోండి, బూస్ట్ పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని శబ్దం వస్తే భయపడకండి, అది రేసు ఇంజన్ శబ్దం' అట.

రాసిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక పిస్టన్. రెండేళ్ల కిందట ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చూశాను. కారు ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లు శబ్దం మొదలైందట. యజమాని పాటల మోత పెంచుకున్నాడు. హెడ్ దించాక మేస్త్రీ ఆ పిస్టన్‌ను గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. అంచు మీద ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా గరుకు. రెండు రింగుల మధ్య గట్టు వేలెడంత మేర విరిగిపోయింది. విరిగిన ముక్క సిలిండర్ గోడను గీకింది. "రీబోరింగ్ తప్పదు సార్" అన్నాడు మేస్త్రీ. అంటే సిలిండర్ గోడను మళ్లీ తొలిచి నున్నగా చేయాలి. ఆ బిల్లుతో మంచి ఇంటర్‌కూలర్లు రెండు వచ్చేవి.

ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో రేసు పండితులు వినాలి. ప్లగ్గు నిప్పు వేశాక మంట ఒక చివర నుంచి రెండో చివరకు పాకాలి. ఆ లోపే రెండో చివరనున్న మిశ్రమం వేడికి తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటే అది నాకింగ్. లోపలికి వెళ్లే గాలి 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, పిస్టన్ దాన్ని నొక్కి పైకి తెచ్చేసరికి తేడా దాదాపు 100 డిగ్రీలవుతుంది. చిన్న పుల్లీ సూపర్‌చార్జర్‌ను ఇంకా వేగంగా తిప్పి ఆ వేడిని మరింత పెంచుతుంది. అంటే జ్వరంతో పడుకున్నవాడికి రగ్గు కప్పమంటున్నారు! నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్ కాపాడదా అంటే, కొంతవరకు కాపాడుతుంది. ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది, బలం తగ్గుతుంది. పుల్లీకి డబ్బు పెట్టి కొన్నది సెన్సర్ తిరిగి పట్టుకుపోతుంది. దాని చేతిలోనూ లేని స్థాయికి వెళితే పిస్టన్ పట్టుకుపోతుంది.

దీన్ని కూడా పది మందికి పంపమన్నారు. పంపేవారు రీబోరింగ్‌కు చందా కూడా వసూలు చేసి పంపితే బాగుంటుంది.

సూపర్‌చార్జర్ మీద ఐసు గడ్డలు పెట్టమన్న చిట్కాకు జవాబు ఒక్కటే: చేపల బండిని చేపలకే ఉంచండి.

ట్రాఫిక్‌లో ఇంటర్‌కూలర్ పనిచేయదన్న మాటలో మాత్రం సగం నిజం ఉంది. 2002 నుంచి 2006 దాకా వచ్చిన సూపర్‌చార్జ్డ్ మినీ కూపర్ ఎస్‌కు ఇంటర్‌కూలర్ ఇంజన్ పైనే ఉంటుంది, బానెట్ రంధ్రం నుంచి గాలి తగలాలి. అలాంటిది ఎన్‌ఏడీ కూడలిలో పది నిమిషాలు నిలబడితే ఇంజన్ సెగకు తానే పెనంలా కాలుతుంది. కారు కదిలి గాలి ఆడాక గానీ తేరుకోదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, రాయడానికి చేయి రావడం లేదు గానీ. 2008లో లోటస్ వాళ్లు ఎలీజ్ ఎస్‌సీని ఇంటర్‌కూలర్ లేకుండానే అమ్మారు. 1.8 లీటర్ల టయోటా ఇంజన్, దాదాపు 220 గుర్రాల బలం. అదే ఇంజన్ ఉన్న ఎక్సీజ్ ఎస్‌కు మాత్రం పెట్టారు. బూస్ట్ తక్కువగా ఉంచి, టైమింగ్ దానికి తగ్గట్టు రాసుకుంటే ఇంటర్‌కూలర్ లేకుండా కూడా నడుస్తుంది. మా బావమరిది కారు ఇచ్చేది 5 పౌండ్లు. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్లి టిఫిన్ తిని వస్తాడు. నిజం చెప్పాలంటే అతనికి ఇంటర్‌కూలర్ అవసరం లేదు. రెండేళ్లుగా పెట్టించమని పోరుతున్నది నేనే.

ఆ మాట చెప్పడానికి నిన్న ఫోను చేశాను. అతను పుల్లీ కొలతలు తీయించడానికి షెడ్డులో ఉన్నాడు.