‘వీలునామాకు లాయరు దండగ’ మెసేజ్‌కు జవాబు

కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఒక మెసేజ్ ఉంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: “వీలునామాకు లాయరు దండగ. తెల్లకాగితం మీద మనసులో ఉన్నది మామూలు మాటల్లో రాసి సంతకం పెడితే చాలు. రిజిస్టర్ చేయిస్తే ఇక ఎవరూ కోర్టుకెక్కలేరు. నామినీ ఉంటే వీలునామా కూడా అక్కర్లేదు. లేదా బతికుండగానే గిఫ్ట్ రాసేయండి, పిల్లలు చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చు. తప్పక లాయరే కావాలంటే ఎవరైనా ఒకటే. మోసం చేస్తే కన్స్యూమర్ కోర్టు ఉంది.”

ఒక్కో మాటే చూద్దాం.

“తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు”

కాగితం వరకు నిజమే. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. లాయరే రాయాలని చట్టంలో ఎక్కడా లేదు. మెసేజ్ దారి తప్పింది సంతకం దగ్గర. భారత వారసత్వ చట్టం 1925, సెక్షన్ 63 ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామా రాసేవారు సంతకం పెడుతుంటే ఆ సాక్షులు కళ్లారా చూడాలి, లేదా ‘ఈ సంతకం నాదే’ అని ఆయన చెప్పగా వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి.

అమ్మకం దస్తావేజు మీద గొడవొస్తే రాసిచ్చినాయన బోనెక్కి ‘నేనే రాశాను’ అని చెప్పగలడు. వీలునామా కోర్టుకు చేరేసరికి రాసిన మనిషి ఉండడు. అందుకే సాక్షి బతికి ఉండి, రాగలిగే స్థితిలో ఉంటే కనీసం ఒకరినైనా కోర్టుకు పిలిపించి చెప్పించాల్సిందే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇది సెక్షన్ 67. పాత సాక్ష్య చట్టంలో 68గా ఉండేది. ఇద్దరూ పోయి ఉంటే వారిలో ఒకరి చేవ్రాతను, రాసినాయన సంతకాన్ని గుర్తుపట్టగలవారిని వెతుక్కోవాలి. డెబ్బై ఏళ్ల పెద్దాయన తన ఈడు స్నేహితులిద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టిస్తే జరిగేది అదే. సాక్షి వయసులో చిన్నవాడై ఉండాలి, ఊళ్లో స్థిరంగా ఉండేవాడై ఉండాలి, వీలునామాలో అతనికి ఏమీ రాకూడదు.

ఇంకో పొరపాటు చాలా ఇళ్లలో కనిపిస్తుంది. నోటరీ ముద్ర, డాక్యుమెంట్ రైటర్ ‘రాసినవారు’ అని చేసే సంతకం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మనిషిని గుర్తించడానికి పెట్టే సంతకాలు, ఇవన్నీ సాక్షి సంతకాల కింద చెల్లుతాయనుకుంటారు. సాక్ష్యం పలకాలన్న ఉద్దేశంతో చేసిన సంతకమే సాక్షి సంతకం. అలాంటి రెండు విడిగా ఉండాలి.

“మామూలు మాటల్లో రాస్తే చాలు”

తెలుగు వీలునామాల్లో ఎక్కువగా కనిపించే మామూలు మాట ఒకటి తీసుకుందాం: “నా తదనంతరం ఇల్లు నా భార్యకు, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను.” ఇంతకన్నా సూటిగా ఎవరు రాస్తారు? కానీ ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. ఆమెకు వచ్చింది సంపూర్ణ హక్కా, బతికున్నంతకాలం అనుభవించే హక్కేనా? వైద్యం ఖర్చులకు అమ్ముకోవచ్చా? ఒక కొడుకు ఆమెకన్నా ముందే పోతే అతని వాటా అతని పిల్లలకా, మిగిలిన కొడుక్కా?

మొదటి ప్రశ్న చట్టంలోనే పెద్ద చిక్కు. హిందూ వారసత్వ చట్టం 1956లో సెక్షన్ 14(1) స్త్రీ చేతిలో ఉన్న ఆస్తిని ఆమె సంపూర్ణ ఆస్తిగా చేస్తుంది. 14(2) మాత్రం పత్రంలోనే పరిమిత హక్కు అని రాసి ఇస్తే అంతవరకే అంటుంది. మన ఆంధ్ర నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో, రాజీ ప్రకారం భరణం కింద జీవితకాలం అనుభవానికి దక్కిన ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుగా మారిందని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. అప్పటి నుంచి, వీలునామాలో భార్యకు రాసిన జీవితకాల హక్కు ఏ పక్కకు వస్తుందన్న వాదన తెగలేదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. పైన రాసిన ఒక్క వాక్యం వినగానే చేతిలో పెన్ను కింద పెట్టి ‘ఆవిడ అమ్ముకోవచ్చా, అమ్మకూడదా? ఎందుకు?’ అని అడిగిన లాయరుకు పని తెలుసు. అడక్కుండా టైపిస్టుకు చెప్పేసేవారికి తెలియదు.

రెండో మామూలు మాట “ఇల్లు ఇద్దరికీ సమానంగా”. 200 గజాల్లో రెండంతస్తులు, ఒకే మెట్లు, ఒకే బోరు. కింది వాటా ఎవరిది, మెట్లు ఎవరివి, డాబా మీద ఇంకో అంతస్తు వేసే హక్కు ఎవరిది అని రాయకపోతే పంపకాల దావా మీరే రాసిపెట్టి వెళ్లినట్టు.

“రిజిస్టర్ చేయిస్తే ఎవరూ కోర్టుకెక్కలేరు”

రిజిస్ట్రేషన్ చట్టం 1908 ప్రకారం వీలునామా రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. చేయించడం మంచిదే. పత్రం పోయినా సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, ఫలానా రోజు ఆ మనిషి స్వయంగా ఆఫీసుకు వచ్చాడని రికార్డు ఉంటుంది. అంతవరకే. వీలునామాను ముందుకు తెచ్చినవారే అనుమానాలన్నీ తీర్చాలని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. రిజిస్టరైనంత మాత్రాన అనుమానాలు తీరిపోవని 1961లో పూర్ణిమాదేవి కేసులో చెప్పింది. పైగా, నిన్న రిజిస్టర్ చేసిన వీలునామాను ఇవాళ ఇంట్లో సక్రమంగా రాసిన రిజిస్టర్ కాని వీలునామా రద్దు చేసేస్తుంది. చివరిదే చెల్లుతుంది.

కోర్టులు అనుమానంగా చూసేవి ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. లాభం పొందే కొడుకే లాయరును తెచ్చి, దగ్గరుండి రాయించడం. తెలుగు మాత్రమే వచ్చిన మనిషి ఇంగ్లీషు వీలునామా మీద సంతకం చేయడం. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే రాయడం. కూతుళ్ల పేరు కూడా ఎత్తకుండా వదిలేయడం. వణికిన సంతకం. వీటిని ముందే ఊహించి విరుగుడు కాగితం మీద పెట్టడానికే లాయరు ఫీజు. వీలునామా తెలుగులోనే రాయాలి. ఎవరికి ఎందుకు తక్కువ ఇస్తున్నారో ఒక వాక్యంలో చెప్పాలి. ప్రతి పేజీ మీదా సంతకం ఉండాలి. వయసు మీరినవారైతే అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి. వీడియో తీస్తే, పెద్దాయన చేత కాగితం చదివించడం కన్నా ‘ఏయే ఆస్తులున్నాయి, ఎవరికేం ఇస్తున్నారు’ అని అడిగి సొంత మాటల్లో చెప్పించాలి. ఆ వీడియో సాక్ష్యంగా నిలవాలంటే సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి కాబట్టి, తీసిన ఫోను ఎవరిదో రాసిపెట్టుకోవాలి.

“నామినీ ఉంటే వీలునామా అక్కర్లేదు”

నామినీ సొమ్ము అందుకునే మనిషి, యజమాని కానక్కర్లేదు. బీమా మీద 1983లో సర్బతీదేవి కేసులో, షేర్ల మీద 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమా విషయంలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే లెక్క వేరు, వారికే చెందుతుంది. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు 1 నుంచి నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. అయినా అది బ్యాంకు చెల్లింపు సుళువు కావడానికి చేసిన ఏర్పాటే.

“గిఫ్ట్ రాసేయండి, వెనక్కి తీసుకోవచ్చు”

ఇది అన్నింటికన్నా ఖరీదైన సలహా. రిజిస్టరైన గిఫ్ట్ ఇచ్చినవారి ఇష్టం వచ్చినప్పుడు రద్దు కాదు. వీలునామా మాత్రం చివరి శ్వాసదాకా మార్చుకోవచ్చు. సీనియర్ సిటిజన్ల చట్టం 2007, సెక్షన్ 23 కింద 60 ఏళ్లు దాటినవారు ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంది, కానీ చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి ఉండాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఉదారంగా చదవాలంది. ఉదారంగా చదువుతారన్న ధీమాతో షరతు రాయకుండా ఇవ్వకండి. గిఫ్టే ఇవ్వాలనుకుంటే తిండి, వసతి, వైద్యం చూడాలన్న షరతు దస్తావేజులోనే, పేరుపేరునా ఉండాలి.

“లాయరు ఎవరైనా ఒకటే”

వీలునామాకు కావాల్సింది సివిల్ వైపు లాయరు, వీలైతే ఆస్తి ఉన్న జిల్లా కోర్టులో పనిచేసేవారు. ముందు ఎన్‌రోల్‌మెంట్ నంబరు (లాయర్లను నమోదు చేసే బార్ కౌన్సిల్ ఇచ్చేది) అడగండి. చెప్పడానికి నొచ్చుకునే లాయరుతో పని పెట్టుకోకండి. తర్వాత ఈ-కోర్ట్స్ సైట్‌లో ఆ కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని అడ్వకేట్ పేరుతో వెతకండి. ఓ.ఎస్. కేసులు (అంటే సివిల్ దావాలు), అందులో పంపకాల దావాలు కనిపిస్తే మంచిదే. తీర్పు అప్‌లోడ్ అయి ఉంటే ఒకటి తెరిచి చదవండి, వీలునామా సాక్షిని వారు ఎలా విచారించారో అందులోనే ఉంటుంది. సంఖ్య చూసి మురిసిపోకండి, ఒకే పేరుతో పదిమంది ఉంటారు.

‘నంబర్ వన్ లాయరు’ అన్న ప్రకటన చూసి వెళ్లడం దండగ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని నిషేధిస్తుంది. నియమాన్ని పబ్లిగ్గా మీరేవారు మీ రహస్యం దాస్తారా?

మొదటి భేటీకి తీసుకెళ్లాల్సినవి: లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల) కాపీలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, పాత వీలునామాలుంటే అవి, అప్పుల జాబితా, కూతుళ్లతో సహా వంశవృక్షం. మంచి లాయరు వేసే మొదటి ప్రశ్న ‘ఇది స్వార్జితమా, పిత్రార్జితమా?’ స్వార్జితమైతే ఎవరికైనా రాయవచ్చు. పిత్రార్జితంలో మీ వాటా వరకే మీరు రాయగలరు. ‘అమ్మాయికి పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్నా ఆమె వాటా పోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 సవరణతోనే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లితో సంబంధం లేకుండా ఉంది. ఈ ప్రశ్న అడక్కుండా ఆస్తుల షెడ్యూల్ టైపు చేయించే లాయరు మీ చేత మీది కాని ఆస్తిని రాయిస్తున్నట్టే. ముస్లింలకు ఈ లెక్కలేవీ వర్తించవు. బయటివారికి మూడో వంతు దాటి రాయాలంటే వారసులు ఒప్పుకోవాలి. క్రైస్తవుల వీలునామా ఆ తర్వాత జరిగే పెళ్లితో రద్దయిపోతుంది, సాక్షికి రాసిన ఆస్తి అతనికి చెందదు. మతం అడగని లాయరు కూడా పనికిరాడన్నమాట.

రెండో పరీక్ష: కొడుకుతోనో అల్లుడితోనో వెళ్తే, వారిని కాసేపు బయట కూర్చోమని చెప్పి పెద్దవారితో ఒంటరిగా మాట్లాడుతున్నారా? ఫీజు కూడా పెద్దవారి ఖాతా నుంచే వెళ్లాలి. మూడోది చాలామంది గమనించరు. ‘సాక్షిగా నేనే పెడతాలెండి’ అనే లాయరు సాయం చేస్తున్నట్టే ఉంటుంది. కానీ తాను సాక్షి కాబోయే కేసులో లాయరు వాదించకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. రేపు గొడవొస్తే అన్నీ తెలిసిన లాయరే మీ వైపు వాదించలేకపోతారు.

అమెరికాలో ఉన్న తెలుగువారు అక్కడ రాసే వీలునామాలో ‘ఇంతకుముందు రాసినవన్నీ రద్దు’ అన్న వాక్యం మామూలుగా ఉంటుంది. గుంటూరు పొలానికి రాసిన వీలునామా దాంతో ఎగిరిపోతుంది. రెండు చోట్లా ఉన్న లాయర్లకు రెండో కాగితం సంగతి చెప్పి, ‘ఈ దేశంలోని ఆస్తులకు సంబంధించినవి మాత్రమే’ అని రెండింటిలోనూ రాయించాలి.

ఫీజు మొత్తంగా చెప్పించుకోవద్దు. డ్రాఫ్టుకు ఎంత, సవరణలకు ఎంత, రిజిస్ట్రేషన్ రోజు రావడానికి ఎంత, సర్కారు ఫీజు విడిగా ఎంత అని కాగితం మీద రాయించుకోండి. ఆస్తి విలువలో శాతం అడిగితే లేచి వచ్చేయండి. కేసు గెలిస్తే ఇంత శాతం అన్న ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పుకోవు. డబ్బు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. అక్కడ మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

“మోసం చేస్తే కన్స్యూమర్ కోర్టు ఉంది”

2024 మే 14న సుప్రీంకోర్టు లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని తీర్పిచ్చింది. ఇక మిగిలింది అడ్వకేట్స్ చట్టం 1961, సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, లేదా సివిల్ దావా. రెండింటికీ కాగితమే ఆధారం: ఫీజు రసీదు, చెప్పిన పని రాసిన ఉత్తరం, పంపిన డ్రాఫ్టులు. ఒరిజినల్ దస్తావేజులు చూపించి వెనక్కి తెచ్చుకోండి. వదిలి రావాల్సి వస్తే నంబర్లతో జాబితా రాసి, లాయరు సంతకం తీసుకుని రండి. ఫీజు బాకీ ఉందంటూ క్లయింటు కాగితాలు పట్టి ఉంచుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే తేల్చింది. కాగితాలు వెనక్కి ఇమ్మని అడగాలంటే ఏయే కాగితాలు ఇచ్చారో ఆ జాబితా మీ దగ్గర ఉండాలి.