‘రెండు నెలలే కదా’ అనే మాట వింటేనే ఒళ్లు మండుతోంది

ఇంటి పక్కనే సొంత లాయం కట్టుకుంటున్నాం అని చెప్పగానే అందరూ అడిగేవి అవే. ఎన్ని గదులు? పైన రేకులా, పెంకులా? నేలకి రబ్బరు మ్యాట్లు వేస్తారా? అది పూర్తయ్యేదాకా గుర్రాల్ని ఎక్కడ ఉంచుతారు అని ఒక్కరు కూడా అడగలేదు. నిజం చెప్పాలంటే మేమూ ఆ ప్రశ్న సరిగ్గా వేసుకోలేదు. ఆ తప్పుకి మా రెండు గుర్రాలు, చుక్క, మబ్బు, ఏడు నెలలు శిక్ష అనుభవించాయి.

మేస్త్రీ రెండు నెలలన్నాడు. పునాది తవ్వగానే వాన పట్టుకుంది. వాన వెలిసేసరికి పనివాళ్లు ఇంకో సైటులో తేలారు. వాళ్లు తిరిగొచ్చేసరికి తలుపులు చేసే అతను వేరే ఆర్డరులో మునిగిపోయాడు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, లాయం కూడా ఇల్లే అని మాకు తట్టలేదు. కాంక్రీటు అనుకున్న బలానికి రావడానికే 28 రోజులు లెక్కేస్తారు. అంటే రెండు నెలల్లో దాదాపు సగం ఒక్క నేలకే పోతుంది. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా తలూపాను, అదీ నా తెలివి.

అసలు గొడవ మేస్త్రీతో కాదు, ఆ ‘రెండు నెలలే కదా’తోనే. ఆ మాట పట్టుకుని మేము చూసిన మొదటి లాయానికే ఒప్పేసుకున్నాం. కప్పు చేతికి అందేంత కిందకి ఉంది. వెనక గోడకి కిటికీ లేదు, పొద్దున తలుపు తీస్తే మూత్రం ఘాటుకి మన కళ్లే మండేవి. అక్కడే ముక్కు పెట్టి గడ్డి తినే జంతువు ఊపిరితిత్తులు ఏం కావాలి? బయట తిరిగే స్థలానికి వంతులు, రోజు విడిచి రోజు. పక్కపక్కన గదులు ఖాళీ లేవని రెండింటినీ చెరో వరసలో కట్టారు. శాశ్వతంగా ఉంచాలంటే గేటు దగ్గరే వెనక్కి తిరిగి వచ్చేవాళ్లం. రెండు నెలలే కదా అని అడ్వాన్సు ఇచ్చాం.

మబ్బుకి చుక్క కనిపించకపోతే కాలు నిలవదు. గుర్రం మంద జంతువు, తోడు కంటికి కనిపించాలి, కనీసం దాని చప్పుడైనా వినిపించాలి. నాలుగో రోజు వెళ్లి చూస్తే గదిలో పరిచిన రంపపు పొట్టు మధ్యలో గుట్టగా ఉంది, గోడల వెంబడి గుండ్రంగా నేల తేలిపోయింది. గానుగెద్దు తిరిగినట్టు తిరిగింది. మెడ మీద చెమట ఎండి తెల్లటి చారలు. అక్కడి మనిషి ‘అలవాటైపోతుందండీ’ అన్నాడు. అలవాటైంది కూడా, గుండ్రంగా తిరగడం! ఇప్పుడు తోడు పక్కనే ఉన్నా, వాన పడి లోపల కట్టేసిన రోజున నాలుగు చుట్లు తిరుగుతూనే ఉంటుంది.

ఇక మేత సంగతి. ‘మా దగ్గర అన్నిటికీ ఒకటే దాణా’ అని గర్వంగా చెప్పారు. ఉన్నపళంగా మార్చేశారు. గుర్రానికి కడుపు చిన్నది, గడ్డిని అరిగించేది పెద్దపేగుల్లో ఉండే సూక్ష్మజీవులు. కొత్త మేతకి అవి అలవాటు పడాలంటే పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజులు పడుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది అటు నుంచి బయటికి రావాల్సిందే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదా, ఆ దాణా ఏమిటో, ఎంతో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ రాత్రి పదకొండింటికి ఫోన్. చుక్క మాటిమాటికీ పక్కకి తిరిగి కడుపు చూసుకుంటోంది, ముందు కాలితో నేల గీరుతోంది, మేత ముట్టలేదు. కడుపునొప్పి. ‘డాక్టర్ని పిలవమంటారా? ఫీజు ఎవరిస్తారు?’ అని అడిగాడతను. ఆ ప్రశ్నకి జవాబు కాగితం మీద ఎక్కడా లేదు. నేను ఫోన్ ఎత్తకపోయుంటే తెల్లారేదాకా అలాగే చూస్తూ ఉండేవాడేమో. అతన్ని తప్పుపట్టడం లేదు, అతనికి అధికారం ఇవ్వనిది మేమే. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేసి, చెవి ఆనించి పేగుల చప్పుడు వింటూ కూర్చున్నారు. తెల్లవారుజామున చుక్క లద్దె వేసింది. నలుగురం నిలబడి ఆ లద్దెని చూసి నవ్వుకున్నాం. గుర్రాలు లేనివాళ్లకి ఇది అర్థం కాదులెండి.

అందుకే కాగితం రాసుకోండి, ఒక్క పేజీ చాలు. మేము దొరక్కపోతే డాక్టర్ని ఎవరు పిలవాలి, ఎంతవరకు వైద్యం చేయించవచ్చు, ఏ గడ్డి, ఎన్ని కిలోలు, గది ఎవరు శుభ్రం చేస్తారు. వీటన్నిటికంటే ముందు, మన పని ఆలస్యమైతే ఏంటి అన్నది. మాకు అదే దెబ్బ కొట్టింది. మూడో నెలకి మా గదులు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. మళ్లీ వెతుకులాట, మళ్లీ బండెక్కించడం.

రెండోచోటు వాళ్లు ఫోన్లోనే నన్ను పోలీసుల్లా ప్రశ్నించారు. టీకాలు ఎప్పుడు వేయించారు, నట్టల మందు ఎప్పుడు పట్టారు, ముక్కు కారుతోందా, దవడ కింద వాపు ఉందా? మూడు వారాలు మిగతా గుర్రాలకి దూరంగా పెడతాం, రోజూ రెండు పూటలా టెంపరేచర్ చూస్తాం అన్నారు. అప్పుడు చిరాకేసింది, ఒప్పుకుంటాను. కానీ స్ట్రాంగిల్స్ (గుర్రాలకి దవడ కింద గ్రంథులు వాచే జబ్బు) లాంటి అంటురోగం లోపల ఉన్నా బయటపడటానికి 3 నుంచి 14 రోజులు పట్టవచ్చు, వాపు కంటే ముందు జ్వరమే చెబుతుంది. మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల మధ్య ఉండాలి. మొదటిచోట ఇవేవీ అడగకుండానే లోపలికి రానిచ్చారు. అంటే పక్క గుర్రాల్ని కూడా అలాగే రానిచ్చి ఉంటారు కదా. మీ గుర్రం గురించి ఏమీ అడగని లాయాన్ని చూస్తే నాకిప్పుడు భయం.

మా ప్లాను సంగతి కూడా చెప్పాలి. జీనులు పెట్టుకోవడానికి అద్దాల అల్మారా గీయించాం. లద్దె ఎక్కడ వేయాలో గీయించలేదు. ఒక్కో గుర్రం రోజుకి 20 కిలోల దాకా వేస్తుంది, రెండిటికీ కలిపి నెలకి టన్ను దాటుతుంది. నీళ్ల పైపు చివరి బిల్లులో పెట్టాం. 500 కిలోల గుర్రం మామూలు రోజుల్లోనే పాతిక లీటర్లు తాగుతుంది, ఎండలో అంతకు రెట్టింపు. అది బకెట్లతో మోసి చూడండి, అల్మారా మీద మోజు అదే తగ్గుతుంది. మళ్లీ మొదలుపెడితే ముందు కంచె, నీళ్లు, మూడు వైపుల గోడలున్న చిన్న పాక, లద్దె గుంట, గడ్డి బండి తిరిగేంత దారి చూసుకుంటాను. అంతవరకు అయితే గుర్రాల్ని తెచ్చేసుకోవచ్చు. గదులు తర్వాత తీరిగ్గా లేస్తాయి.

అలాగని పని నడుస్తున్న సైటు పక్కనే వదలమని కాదు. తెచ్చే ముందు ఒక పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి స్థలమంతా ఈడ్చాను. మొదటి వరసకే మేకులు, బైండింగ్ వైరు ముక్కలు గుప్పెడు అంటుకుని వచ్చాయి. అన్నీ ఏరేశాం అని పనివాళ్లు చెప్పిన మర్నాడు! ఆ డబ్బా ఇప్పటికీ దాచాను, ఎవరైనా ‘అంతా క్లీన్ చేసేశాం’ అంటే చూపించడానికి.

పోయిన వారం రెండింటినీ ఒకే బండిలో తెచ్చాం. మబ్బు కంచె వెంబడి ఒక చుట్టు తిరిగి, చుక్కని చూసి, కాళ్లు మడిచి మట్టిలో దొర్లింది. గదులకి ఇంకా తలుపుల్లేవు, అడ్డంగా రెండేసి పైపులు పెట్టాం. తలుపుల అతను ఇందాకే ఫోన్ చేశాడు. ఇంకో రెండు వారాలేనట.