వలయం చెప్పని ఎత్తు

సిల్క్ బోర్డు దగ్గర ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు ఎక్కే బెంగళూరు వాసులకు ఈ అనుభవం కొత్త కాదు. మనం పైన ఉన్నామో, కింద హోసూరు రోడ్డు మీద ఉన్నామో ఫోన్‌లోని మ్యాప్ తేల్చుకోలేక, ఒక్కోసారి లేని మలుపు తిరగమంటుంది. రెండు రోడ్లకూ అక్షాంశ రేఖాంశాలు దాదాపు ఒకటే, తేడా అంతా ఎత్తులోనే ఉంది. ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో ఒక ప్రాంతంలోని శత్రువులందరినీ ఒకేసారి తాకే ఏఓఈ (ఏరియా ఆఫ్ ఎఫెక్ట్) స్పెల్స్‌కూ, అంటే మంత్రాలకూ, ఇదే చిక్కు.

మారతహళ్లి పీజీలో ఉన్న రోజుల్లో, శనివారం రాత్రుళ్లు మేము అయిదుగురం కలిసి డంజన్లు, అంటే జట్టుగా శత్రువులతో పోరాడే గుహలు, కోటల్లాంటి చోట్లు, ఆడేవాళ్లం. ఒకసారి మా జట్టులో మంత్రాలు వేసే మేజ్ మెట్ల కింద చేరిన గుంపు మీద మంటల వాన కురిపించగా, పై బాల్కనీలో తమ మానాన తాము నిలబడి ఉన్న మరో గుంపు మేలుకొని మీదికి దిగివచ్చింది. ముందు గాయాలు మాన్పే హీలర్, తర్వాత దెబ్బలు కాచుకునే ట్యాంక్, ఆపై మిగిలినవాళ్లం వరసగా పడిపోయాం. ‘నేను కిందే వేశాను కదరా’ అని అతను మొత్తుకున్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, స్పెల్ ఎక్కడ తగులుతుందో తెలపడానికి గేమ్ అతనికి చూపించింది నేల మీది వలయాన్నే.

ఆ వలయం వెనుక సర్వర్ వేసే లెక్క సాధారణంగా గోళానిదో, స్థూపానిదో అయి ఉంటుంది. గోళమైతే పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటి దూరాల వర్గాలను కూడి వ్యాసార్ధం వర్గంతో పోలుస్తారు. 8 మీటర్ల వ్యాసార్ధం గల స్పెల్ 6 మీటర్ల పైనున్న బాల్కనీని చేరేసరికి దాని అడ్డపు వ్యాప్తి 5.3 మీటర్లకు కుంచించుకుపోతుంది, అందువల్ల వలయం మధ్యభాగానికి నేరుగా పైన ఉన్నవాడు కాలిపోతాడు, అంచుకు పైన ఉన్నవాడు బతికిపోతాడు. గణితంగా ఇది నిర్దోషమే గానీ, ఆడేవాడు కంటితో అంచనా వేయగలిగినది కాదు. స్థూపంలో ఎత్తును విడిగా నిర్ణయిస్తారు. 2002లో కొరియాలో మొదలైన రాగ్నరాక్ ఆన్‌లైన్‌లో ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ లెక్కంతా గళ్ల మీదే, ఒక గడికి ఒకే ఎత్తు, వంతెన కింద నడిచే దారి ఉండదు.

ఈ తగవు కంప్యూటర్ల కన్నా ముందు బల్ల మీద ఆడే ఆటల్లోనే ఉంది. 1978 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో ఫైర్‌బాల్ అనే మంటల స్పెల్ సుమారు 33,000 ఘనపుటడుగుల చోటును నింపుతుంది, ఇరుకు నడవలో వేస్తే మంట నడవ వెంట సాగి, వేసినవాడి మీసాలనూ కాల్చగలదు. 2014 నాటి నియమాల్లో ఐస్ స్టార్మ్ అనే స్పెల్‌ను 20 అడుగుల వ్యాసార్ధం, 40 అడుగుల ఎత్తు గల స్థూపంగా స్పష్టంగా రాశారు. ఎత్తును చెప్పడం ఎంత సులువో ఈ ఒక్క వాక్యం చూపుతుంది.

నా మటుకు నేను, భవనాలు, గుహలు ఉన్న చోట్ల ఒక అంతస్తుకు మించని స్థూపమే మేలంటాను, దానికి తోడు కేంద్రం నుంచి శత్రువు దాకా ఒక గీత సాగదీసి మధ్యలో కప్పు అడ్డొస్తే దెబ్బ తగలకుండా ఆపాలి. అయితే ఆ గీతను నేలను అంటిపెట్టుకొని మొదలుపెడితే చిన్న గట్టు కూడా అడ్డమై, వాలు మీద ఎదురుగా నిలబడ్డవాడు కూడా తప్పించుకుంటాడు కాబట్టి, దాన్ని నడుమెత్తు నుంచి మొదలుపెట్టడం అవసరం. 2004లో వచ్చిన సిటీ ఆఫ్ హీరోస్‌లా పాత్రలు గాలిలో ఎగిరే గేముల్లో మాత్రం ఈ వాదన చెల్లదు, అక్కడ గోళమే సహజం.

ఏ ఆకారం ఎంచుకున్నా దాన్ని దాచడమే అసలు లోపం. స్పెల్ గురిపెట్టే క్షణంలో వలయం అంచు నుంచి పైకి లేచే పలుచని వెలుగు గోడను చూపి, దెబ్బ తగలబోయే వారందరినీ, కప్పు పైన ఉన్నవారితో సహా, ఎర్రగా చూపిస్తే, ఆ రాత్రి మా మేజ్ వలయాన్ని రెండడుగులు వెనక్కి జరిపి ఉండేవాడు.