సెలెరీ మాట ఫ్రెంచితో ఆగదు

సెలెరీ అనే ఆకుకూర మీద ఒక వ్యాసం చదివాను. ఆ పేరు ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందని చెప్పి వ్యాసం అక్కడే ఆగిపోవడం వెలితిగా అనిపించింది. ఫ్రెంచివారికి అది ఉత్తర ఇటలీ మాండలికం నుంచి అందింది. అసలు మూలం గ్రీకు ‘సెలినాన్’. 3,000 ఏళ్లకు పైబడిన మైసినియన్ (తొలినాటి గ్రీకు నాగరికత) మట్టి పలకల మీదే ‘సె-రి-నో’ అని ఈ మాట ఉంది! సిసిలీలో గ్రీకులు కట్టిన సెలినస్ నగరం పేరూ ఇదే. ఆ ఊరి వెండి నాణేల మీద ఈ ఆకే ముద్ర. ప్రాచీన గ్రీసులో జరిగిన నెమియా ఆటల పోటీల్లో గెలిచినవారి తలకు చుట్టిందీ అడవి సెలెరీనే.

నాకు మరీ ఇష్టమైనది కొత్తిమీరలా కనిపించే పార్స్‌లీ ఆకు పేరు సంగతి. గ్రీకులు దాన్ని ‘పెట్రోసెలినాన్’, అంటే రాతి సెలెరీ అన్నారు. నోళ్లలో నాని, అరిగి అరిగి అదే పార్స్‌లీ అయింది. మన కొత్తిమీర, వాము కూడా ఈ మొక్కల కుటుంబానివే.