గుండ్లకమ్మ ఒడ్డున ఒక వాదం

ఒంగోలు న్యాయవాది ఒకరు, మిషన్ బడిలో చదివి అక్కడే పాఠాలు చెప్పి విరమించిన ఉపాధ్యాయుడొకరు వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ గట్టున కూర్చుని, మాదిగలు క్రైస్తవంలో చేరడం గురించి మాట్లాడుకొన్నట్టు ఈ వాదాన్ని కూర్చాను. నా మనసు ఉపాధ్యాయుడి వైపే ఉంది. అయినా న్యాయవాది మాటల్లో నన్ను కలవరపెట్టేవి ఉన్నాయి, వాటి పదును తగ్గించలేదు.

న్యాయవాది: మాస్టారూ, మీ మీద గౌరవం ఉంచుకొనే అడుగుతున్నాను. 1836లో తెలుగు మిషన్‌ను మొదలుపెట్టినవాళ్లు అమెరికా బాప్టిస్టులు. నెల్లూరు మిషన్‌ను ఉంచాలా ఎత్తివేయాలా అని తర్జనభర్జన పడిందీ వాళ్లే. మన పల్లెల భక్తి సముద్రాల అవతలి సభల్లో తీర్మానమవుతుంటే దేశాభిమాని ఊరుకోవాలా?

ఉపాధ్యాయుడు: తీర్మానాలు అక్కడివే, కాదనను. కానీ 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థించిన ఐదుగురిలో మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని పోగా మిగిలిన ముగ్గురూ ఈ దేశస్థులే. మా వాళ్లలో ఈ నమ్మకాన్ని మొదట పల్లెపల్లెకూ మోసుకుపోయిన యర్రగుంట్ల పేరయ్య అంతకుముందు రాజయోగం ఉపదేశం పొందిన మాదిగ. 1878 జులై 3న ఇదే ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందితే, ఇచ్చింది ఒంగోలు మిషనరీ క్లౌ దొర కాదు. ఆరుగురు మన బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొంటూ నీళ్లలోకి దిగారు. దొర ఒడ్డునే ఉన్నాడు.

న్యాయవాది: అది ఎలాంటి ఏడాదో కూడా చెప్పండి. 1876 నుంచి 78 దాకా కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకొని మీవాళ్లకు కూలి ఇచ్చాడు. కరువు తీరుతుండగా ఏటి నిండా జనం. దీన్ని నమ్మకం అంటారా, ఆకలి అంటారా?

ఉపాధ్యాయుడు: కూలి కోసం చేరుతున్నారన్న మాట పడకూడదనే ఆయన కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు.

న్యాయవాది: బాప్తిస్మం ఆపితే రుణం ఆగుతుందా? బిడ్డ ప్రాణం నిలిపిన చేతిని ఏ తల్లి కాదంటుంది?

ఉపాధ్యాయుడు: కాదనదు. ఈ మాట నిజమే. అయితే మాకు అన్నం పెట్టగలిగిన గాదెలు ఊళ్లో కూడా ఉన్నాయి కదా.

న్యాయవాది: గాదెల సంగతి ఎత్తారు కనుక డప్పు సంగతీ ఎత్తుతాను. మీ ఉపదేశులు పోలేరమ్మను దయ్యమన్నారు. తరతరాలుగా కొలుపులో మోగిన డప్పును పాపమని మాన్పించారు. అమ్మను దూషించడం సువార్తలో భాగమా?

ఉపాధ్యాయుడు: దయ్యమన్నది తప్పు, ఈ మాట నేను సంఘంలో కూడా అన్నాను, కొందరికి నచ్చలేదు. డప్పు మాట మాత్రం వేరు. అది ఇష్టపడి మోగించింది కాదు, మోగించకపోతే దెబ్బలు తప్పవు గనుక మోగించింది. మొదటి విశ్వాసులు డప్పు మానారు, చచ్చిన గొడ్డు మాంసం మానారు, ఆదివారం పొలం పని మానారు. అందుకు బావుల దగ్గరికి రానివ్వలేదు, కూలి పనులు ఇవ్వలేదు. కష్టం తెలిసీ తీసుకొన్న నిర్ణయాన్ని అన్నానికి అమ్ముడుపోవడం అంటే నేనొప్పుకోను. మా నాన్నగారు చెప్పులు కుట్టేవారు. తంగేడు బెరడుతో తానే పదును చేసిన తోలు ముక్కతో తన బైబిలుకు అట్ట కుట్టుకొన్నారు. అంచున కుట్టుదారం తెగితే మళ్లీ మైనం రాసి బిగించేవారు. ఆ పుస్తకం లోపల తెలుగు, బయట మా చేతిపని. అందులో పరాయిదేశం ఎక్కడుందో మీరే చూపించండి. ఇక దేశం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఎస్సీల్లోంచి క్రైస్తవుడైనవాడు మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో ఒక వర్గం. మతం మారగానే మాదిగ పల్లె మారలేదు, అదే బావి, అదే పిలుపు. 2023లో మన శాసనసభ ఈ హోదా కోరుతూ తీర్మానం చేసింది కూడా. అది అందేదాకా మా పిల్లలు దరఖాస్తులో ఒకటి రాసి, చర్చిలో మరొకటి పాడాలి. వాళ్లను అబద్ధికులుగా చేసిందెవరు?

న్యాయవాది: చట్టం అబద్ధం చెప్పమనలేదు మాస్టారూ. రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచారానికి హక్కు ఇచ్చినా, 1977లో సుప్రీంకోర్టు ఆ హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదంది. ఇక కుల వివక్ష లేని మతమని చేరినవాళ్లు కులం పేరున రక్షణ అడగడమేమిటి? మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి మన జిల్లాలోనే చూశాను. సమాధుల తోటలూ వేరే.

ఉపాధ్యాయుడు: ఆ చర్చిల మాటకు నేను తల వంచుతున్నాను. మా నాన్నగారిని పూడ్చినప్పుడు మాలపల్లె నుంచి వచ్చినవాళ్లు గోడ అవతలే నిలబడ్డారు, నేను లోపలికి పిలవలేదు. ఆ తప్పు నాది, మా సంఘానిది. అయితే ఆ గోడను మేమేమీ బైబిలు నుంచి తెచ్చుకోలేదు లాయరు గారూ, మన ఊరి నుంచే తెచ్చుకొన్నాం. అది ఇంకా నిలిచే ఉంది గనుకే ఆ రక్షణ కావాలంటున్నాను.